సి4కు సి5: సిమెట్రికల్ ఇంగ్లీష్‌ను పోటీలో ఆడటం ఎలా

చదరంగంలో సిమెట్రికల్ ఇంగ్లీష్ అనే ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరుస) ఇది: తెల్ల సి4 తోస్తే నల్ల సి5 తోస్తుంది. తర్వాత రెండు వైపులా గుర్రం, జి బంటు, బిషప్ ఒకే వరుసలో వస్తాయి. నాలుగు ఎత్తులయ్యేసరికి బోర్డు మధ్యలో అద్దం పెట్టినట్టు ఉంటుంది. ఇది డ్రా ఓపెనింగ్ అని చాలామంది అనుకోవడానికి కారణం ఈ బొమ్మే. అది తప్పు. ఈ సమానత ఎక్కడో ఒకచోట తెగి తీరుతుంది. దాన్ని ఏ బంటుతో, ఏ ఎత్తులో తెంచాలో తెలిసినవాడి చేతిలోకి ఆట వెళుతుంది. అందుకే ఇక్కడ ఎత్తులకన్నా బంట్ల తోపుల గురించే ఎక్కువ మాట్లాడాలి.

ఇంగ్లీష్ అనే పేరు ఇంగ్లాండ్ ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ వల్ల వచ్చింది. 1843లో సెయింట్ అమాంట్‌తో ఆడిన మ్యాచ్‌లో ఆయన సి4తో మొదలుపెట్టాడు. నేటి ఓపెనింగ్ కోడ్‌లలో సి5 జవాబుకు ఎ30 నుంచి ఎ39 వరకు కేటాయించారు. డేటాబేస్‌లో ఆటలు వెతికేటప్పుడు ఈ పది కోడ్‌లు గుర్తుంటే పని తేలికవుతుంది.

ఎత్తులు రాసే పద్ధతి ఒకసారి చెప్పుకుందాం. పావు పేరు, ఆ తర్వాత అది చేరే గడి రాస్తాను. గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డు వరుసను చెబుతాయి. ఎత్తు సంఖ్య తర్వాత మూడు చుక్కలుంటే అది నల్ల ఎత్తు. కొడితే × గుర్తు పెడతాను. పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు. ఏనుగు అంటే మూలన నిలబడే పావు. ‘ఎ ఏనుగు’ అంటే ఎ వరుసలో ఉన్న ఏనుగు. పక్కన బోర్డు పెట్టుకుని చదవండి, లేకపోతే సగం విషయం చేతికి అందదు.

అసలు వరుస ఇదీ:

1. సి4 సి5 2. గుర్రం సి3 గుర్రం సి6 3. జి3 జి6 4. బిషప్ జి2 బిషప్ జి7

ఇక్కడ తెల్ల ముందు మూడు తోపులున్నాయి. ఒకటి డి4, సెంటర్‌ను నేరుగా తెరుస్తుంది. రెండోది బి4, మంత్రి వైపు చోటు సంపాదిస్తుంది. మూడోది ఇ4, అది సెంటర్‌ను బిగించేసి, తీరిగ్గా ఎఫ్4కో బి4కో సిద్ధమవుతుంది. నల్లకూ ఇవే తోపులు డి5, బి5, ఇ5 రూపంలో ఉన్నాయి, కాకపోతే ఒక ఎత్తు వెనక. తెల్ల ఐదో ఎత్తు ఈ మూడింటిలో ఏ దారికి వెళుతోందో చెబుతుంది. అది చూసి నల్ల తన తోపు ఎంచుకోవాలి. చూడకుండా అదే ఎత్తు తిరిగి ఆడటం ఐదో ఎత్తు నుంచి ప్రమాదకరం.

డి4 తోపు

5. గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6 6. క్యాసిలింగ్, క్యాసిలింగ్ 7. డి4. ఇక్కడ నల్ల మళ్లీ అద్దం పట్టి 7... డి5 ఆడితే 8. డి×సి5 డి×సి4 9. మంత్రి ఎ4 వస్తుంది. తెల్ల మంత్రి నాలుగో అడ్డు వరుస మీదుగా సి4 బంటును తీసుకోబోతోంది. సి5లో తెల్ల బంటు ఇంకా నిలిచే ఉంది, దాన్ని నల్ల తర్వాత వెతుక్కోవాలి. ఒక్క ఎత్తు తేడా ఎంత ఖరీదో ఇక్కడ కనిపిస్తుంది. మూసి ఉన్న పొజిషన్‌లో కాపీ కొట్టినా ఏమీ కాదు. సెంటర్ తెరుచుకున్నాక ముందు కదిలేవాడిదే పైచేయి.

అందుకని నల్ల కొట్టాలి: 7... సి×డి4 8. గుర్రం×డి4 గుర్రం×డి4 9. మంత్రి×డి4 డి6. ఇప్పుడు తెల్ల మంత్రి జి7 బిషప్‌కు ఎదురుగా నిలబడింది. మధ్యలో ఎఫ్6 గుర్రం ఒక్కటే అడ్డు. అది కదిలిన ప్రతిసారీ మంత్రి మీద దాడి పడుతుంది, కాబట్టి మంత్రిని అక్కడ ఎక్కువసేపు ఉంచకండి. 10. మంత్రి డి3 అనేది నమ్మకమైన ఎత్తు. నల్ల 10... ఎ6, తర్వాత ఏనుగు బి8, బి5 ప్లాన్‌తో వస్తుంది. దానికి 11. బిషప్ డి2 ఏనుగు బి8 12. ఎ ఏనుగు సి1 బి5 13. బి3 అని సి4ను కాపాడుకోవాలి. బిషప్‌ను డి2కే ఎందుకు తేవాలంటే, ఇ3లో పెడితే నల్ల గుర్రం జి4కు దూకి తరుముతుంది. బిషప్ డి4కు తప్పుకున్నా గుర్రం ఇ5కు వచ్చి ఈసారి మంత్రిని కదిలిస్తుంది.

10... బిషప్ ఇ6 వస్తే బి7 బంటు ఉచితంగా ఉన్నట్టు కనిపిస్తుంది. 11. బిషప్×బి7 ఏనుగు బి8 12. బిషప్ జి2. బంటు దక్కుతుంది, కానీ బి నిలువు వరుస తెరుచుకుని తెల్ల బి2 బంటు మీద ఏనుగు చూపు పడుతుంది. 

తెల్లకు రెండో దారి 10. బిషప్ జి5. దీన్ని నేర్చుకోవడానికి 1972 రేక్యావిక్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఎనిమిదో ఆట కన్నా మంచి పాఠం లేదు. ఫిషర్ తెల్ల, స్పాస్కీ నల్ల. 10. బిషప్ జి5 బిషప్ ఇ6 11. మంత్రి ఎఫ్4 మంత్రి ఎ5 12. ఎ ఏనుగు సి1 ఎ ఏనుగు బి8 13. బి3 ఎఫ్ ఏనుగు సి8 14. మంత్రి డి2 ఎ6 15. బిషప్ ఇ3. నల్ల చాలాసేపటి నుంచి సిద్ధం చేసుకున్న తోపు వచ్చింది: 15... బి5. జవాబు 16. బిషప్ ఎ7.

ఈ గడి దగ్గర ఆగి చూడండి. బి8 ఏనుగు మీద దాడి. సి8లో సొంత ఏనుగే దారికి అడ్డం. బి6కు వెళితే ఎ7 బిషప్ కొడుతుంది. బి7కో ఎ8కో వెళితే జి2 బిషప్ కొడుతుంది, ఎందుకంటే బి బంటు కదలడంతో జి2 నుంచి ఎ8 దాకా డయాగనల్ (ఐమూల వరుస) పూర్తిగా తెరుచుకుంది. ఒక్క ఎత్తు ముందు, బంటు బి7లో ఉండగానే బిషప్ ఎ7కు వచ్చి ఉంటే ఏనుగు ఎ8కు జరిగి తిరిగి బిషప్‌నే బెదిరించేది. అంటే బి5 తోపే నల్ల కొంప ముంచింది. ఆట 16... బి×సి4 17. బిషప్×బి8 ఏనుగు×బి8 18. బి×సి4 బిషప్×సి4 19. ఎఫ్ ఏనుగు డి1 గుర్రం డి7 దాకా వెళ్లింది. బిషప్‌కు ఏనుగు పోయినా నల్ల చేతిలో ఒక బంటు ఉంది, ఇంకా పోరాడవచ్చు. అప్పుడే 20. గుర్రం డి5 పడింది. గుర్రం లేవగానే డి2 మంత్రి ఎ5 మంత్రిని చూసింది. 20... మంత్రి×డి2 21. గుర్రం×ఇ7 చెక్, రాజు ఎఫ్8 22. ఏనుగు×డి2 రాజు×ఇ7 23. ఏనుగు×సి4. సి3లోంచి గుర్రం వెళ్లిపోయింది కాబట్టి సి1 ఏనుగుకు సి ఫైల్ (నిలువు వరుస) తెరుచుకుంది, బిషప్ దొరికింది. నల్ల 37వ ఎత్తు తర్వాత ఓటమి ఒప్పుకుంది.

ఈ ఆట నుంచి నల్ల పట్టుకోవాల్సింది ఒకటే. ఎ6, ఏనుగు బి8 ఆడి బి5 తోసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎ7 గడిని ఎవరు కాపలా కాస్తున్నారు? బి7 ఖాళీ అయితే జి2 బిషప్‌కు ఏం దొరుకుతుంది? రెండింటికీ జవాబు ఉంటేనే తోయండి.

బి4 తోపు

5. ఎ3, తర్వాత ఏనుగు బి1, బి4. తేలికగా కనిపించే ప్లాన్, కానీ క్లబ్ స్థాయిలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఏనుగును బి1కు జరపకుండా తొందరపడి బి4 తోస్తే గుర్రం×బి4, ఎ×బి4, సి×బి4 అవుతుంది. ఇప్పుడు సి3 గుర్రం మీద బంటు దాడి ఉంది. గుర్రం కదిలిందా, జి7 బిషప్ నేరుగా ఎ1 ఏనుగును తినేస్తుంది, మధ్యలో బి2 ఖాళీ. గుర్రాన్ని వదిలేస్తే రెండు బంట్లు తక్కువ. నిజమే, 5... ఇ6 వచ్చినప్పుడు 6. బి4 అని తెలిసే బలి ఇచ్చే ఆటగాళ్లున్నారు. 6... గుర్రం×బి4 7. ఎ×బి4 సి×బి4 8. డి4 అని సెంటర్‌ను పట్టుకుని, ముందున్న డెవలప్‌మెంట్‌తో ఆడతారు. అది లెక్క తెలిసినవాళ్ల ఆట. మీకు ఆ లెక్క రాకపోతే ముందు ఏనుగును బి1కు జరపండి. అప్పుడు అదే కొట్టుడు జరిగినా గుర్రం హాయిగా తప్పుకుంటుంది, బి4 బంటును ఏనుగు తీసుకుంటుంది.

నల్ల పూర్తిగా కాపీ కొడితే 5. ఎ3 ఎ6 6. ఏనుగు బి1 ఏనుగు బి8 7. బి4 సి×బి4 8. ఎ×బి4 బి5 9. సి×బి5 ఎ×బి5 అనే వింత పొజిషన్ వస్తుంది. ఎ, సి ఫైళ్లు రెండూ తెరుచుకుని, రెండు బి బంట్లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఇది సమానమే, కానీ తెల్ల గుర్రాన్ని ఎఫ్3కు తెచ్చి, క్యాసిలింగ్ చేసి, డి4 తోసేదాకా నల్ల ప్రతి ఎత్తునూ కచ్చితంగా ఆడాలి. నల్లకు సుఖమైన దారి 5. ఎ3కు ఇ6 లేదా ఇ5 ఆడి, గుర్రాన్ని ఇ7కు తెచ్చి, తన డి5 తోపుకు సిద్ధం కావడం. తెల్ల బి4లో చోటు సంపాదిస్తే నల్ల సెంటర్‌లో సంపాదిస్తుంది.

ఇ4 బిగింపు

5. ఇ4 పెట్టి సి4, డి3, ఇ4 బంట్లతో గోడ కట్టేది బోట్విన్నిక్ పేరుతో పిలిచే అమరిక. కట్టే వరుస ఇలా ఉంటుంది: గుర్రం ఇ2, క్యాసిలింగ్, డి3, హెచ్3, బిషప్ ఇ3. గుర్రం ఎఫ్3కి కాకుండా ఇ2కు ఎందుకంటే, ఎఫ్ బంటుకు దారి వదలాలి, పైగా జి4కు వచ్చే నల్ల బిషప్ పిన్ (వెనకున్న విలువైన పావు వల్ల ముందున్నది కదలలేకపోవడం) అక్కడ అంతగా బాధించదు, ఎఫ్3 తోసి తరిమేయవచ్చు. హెచ్3 ముందు, బిషప్ ఇ3 తర్వాత. ఈ రెండూ తిరగబడితే ఎఫ్6 గుర్రం జి4కు దూకి బిషప్‌ను వెంటాడుతుంది.

ఈ అమరికకు ఒక గాయం పుట్టుకతోనే ఉంది, అది డి4 గడి. సి, ఇ బంట్లు రెండూ ముందుకు వెళ్లిపోయాయి కాబట్టి ఆ గడిని ఇక ఏ బంటూ కాపాడదు. నల్ల గుర్రం సి6 నుంచి డి4లో దిగి కూర్చుంటే తెల్ల కొట్టాలా వద్దా అనేది పెద్ద ప్రశ్న. కొడితే సి5 బంటు డి4కు వచ్చి సి3 గుర్రాన్ని తరుముతుంది, నల్లకు చోటు దొరుకుతుంది. కొట్టకపోతే ఆ గుర్రం కంటిలో నలుసులా ఉంటుంది. అందుకే బిషప్‌ను ఇ3లో పెట్టి, వీలైతే తెల్లే డి4 తోసేయాలి. తోపు సాధ్యం కాకపోతే గుర్రాన్ని డి5లో నిలబెట్టి బదులు తీర్చుకోవాలి. ఆ తర్వాతే ఎఫ్4 గానీ, ఎ3-ఏనుగు బి1-బి4 గానీ. రెండూ ఒకేసారి మొదలుపెట్టేవాళ్లు రెండు వైపులా బలహీనమవుతారు.

నల్ల వైపు పని: గుర్రాన్ని ఎఫ్6 నుంచి ఇ8 మీదుగా సి7కు చేర్చడం, ఎ6, ఏనుగు బి8, బి5. తెల్ల ఎఫ్4 తోసి రాజు వైపు వస్తున్నప్పుడు మీరు మంత్రి వైపు ఒక ఎత్తు కూడా వృథా చేయకూడదు. ఎఫ్6 గుర్రాన్ని కదిపిన తర్వాత మీ ఎఫ్ బంటుకు కూడా దారి తెరుచుకుంటుంది. తెల్ల ఎఫ్4కు ఎఫ్5 అని ఎదురు నిలవడం చాలాసార్లు మంచి జవాబు.

5. ఇ3 గురించి రెండు మాటలు చాలు. తెల్ల గుర్రం ఇ2, తర్వాత డి4 అనే ఆలోచన. నల్ల కాపీ కొడితే 5... ఇ6 6. జి గుర్రం ఇ2 జి గుర్రం ఇ7 7. క్యాసిలింగ్, క్యాసిలింగ్ 8. డి4 సి×డి4 9. గుర్రం×డి4 డి5 10. సి×డి5 గుర్రం×డి4 11. ఇ×డి4 గుర్రం×డి5. ఇక్కడ 12. గుర్రం×డి5 ఇ×డి5 ఆడితే బోర్డు మళ్లీ అద్దమే, పావులు కూడా తగ్గిపోయాయి, డ్రా దాదాపు ఖాయం. గెలవాలనుకునే తెల్ల 12. మంత్రి బి3తో ఒత్తిడి నిలుపుతుంది. నల్లకు గెలుపు కావాలంటే ఐదో ఎత్తులోనే ఇ5 ఆడి డి4ను ఆపేయాలి.

నల్ల ముందే తెంచితే: రూబిన్‌స్టైన్ దారి

నల్ల ఎదురుచూడక్కర్లేదు. 1. సి4 సి5 2. గుర్రం సి3 గుర్రం ఎఫ్6 3. జి3 డి5 4. సి×డి5 గుర్రం×డి5 5. బిషప్ జి2 గుర్రం సి7 6. గుర్రం ఎఫ్3 గుర్రం సి6 7. క్యాసిలింగ్ ఇ5. అకీబా రూబిన్‌స్టైన్ పేరు మీద ఉన్న పద్ధతి ఇది. సి5, ఇ5 బంట్లు డి4 గడిని రెండు వైపుల నుంచి పట్టుకున్నాయి. ఇక తెల్ల డి4 తోపు మర్చిపోవాల్సిందే. సి7 గుర్రం ఇ6కు, అక్కడి నుంచి డి4కు వెళ్లాలని చూస్తుంది. నల్లకు అన్నీ కుదిరి క్యాసిలింగ్ కూడా అయిపోతే తెల్లకు ఊపిరాడదు.

కాబట్టి తెల్ల ఇక్కడ నెమ్మదిగా ఆడకూడదు. 8. డి3 బిషప్ ఇ7 9. గుర్రం డి2. ఒక్క ఎత్తుకు మూడు పనులు: జి2 బిషప్‌కు దారి తెరుచుకుంది, సి6లో కొట్టి బంట్లను జంట చేస్తాననే బెదిరింపు పుట్టింది, గుర్రం సి4కు బయలుదేరింది. నల్ల 9... బిషప్ డి7 ఆడితే 10. గుర్రం సి4తో ఇ5 మీద కన్ను. ఇక్కడ అలవాటుగా 10... క్యాసిలింగ్ చేస్తే 11. బిషప్×సి6 బిషప్×సి6 12. గుర్రం×ఇ5, బంటు పోతుంది. జత బిషప్‌లు మిగులుతాయి కాబట్టి కొందరు దాన్ని బలిగా తెలిసే ఇస్తారు. బలి ఇవ్వడం ఇష్టం లేకపోతే 10... ఎఫ్6. దానికి తెల్ల 11. ఎఫ్4 అని ఇ5 పునాదినే తవ్వుతుంది, 11... బి5 12. గుర్రం ఇ3. రాజు ఇంకా మధ్యలో ఉన్న నల్లకు ఈ పది ఎత్తులే పరీక్ష. తెల్లతో ఆడేవాళ్లు ఈ ఒక్క వరుసను కంఠతా పట్టాలి, ఇక్కడ మెల్లగా ఆడితే ఓపెనింగ్‌లోనే ఓడినట్టు.

నల్ల ముళ్లపంది

హెడ్జ్‌హాగ్ అంటే ముళ్లపంది. పేరుకు తగ్గట్టే నల్ల ముడుచుకుని కూర్చుంటుంది, చెయ్యి పెడితే గుచ్చుకుంటుంది. 1. సి4 సి5 2. గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6 3. జి3 బి6 4. బిషప్ జి2 బిషప్ బి7 5. క్యాసిలింగ్ ఇ6 6. గుర్రం సి3 బిషప్ ఇ7 7. డి4 సి×డి4 8. మంత్రి×డి4 డి6. తెల్ల గుర్రంతో కాకుండా మంత్రితో కొట్టడానికి కారణముంది. 8. గుర్రం×డి4 బిషప్×జి2 9. రాజు×జి2 అయితే ఒక జత పావులు తగ్గిపోతాయి. ఇరుకు చోటులో ఉన్నవాడికి పావులు తగ్గడమే కావాలి.

నల్ల బంట్లు ఎ6, బి6, డి6, ఇ6 మీద ఒకే వరుసలో నిలుస్తాయి. రెండో గుర్రం డి7కు వెళుతుంది. సి6కు వస్తే బి7 బిషప్‌నూ సి ఫైల్‌నూ అదే మూసేస్తుంది. ఏనుగులు సి8, ఇ8, మంత్రి సి7 నుంచి బి8, బిషప్ ఎఫ్8. తర్వాత ఓపిక. రెండు ముళ్లు బి5, డి5. సి4కు కాపలా తగ్గిన క్షణాన బి5, ఇ4 తడబడిన క్షణాన డి5. తెల్ల దీన్ని ఆపాలంటే బి3తో సి4ను గట్టి చేయాలి, ఇ4ను ఏనుగుతోనో ఎఫ్3తోనో పట్టాలి, ప్రతి ఎత్తు ముందు ఆ రెండు తోపులనూ ఒకసారి లెక్కేయాలి. నేరుగా ఒత్తిడి పెట్టాలనుకునేవాళ్లు 9. బిషప్ జి5 ఆడి, గుర్రాన్ని కొట్టేసి, ఏనుగును డి1కు తెచ్చి డి6 బంటు వెంట పడతారు.

నల్లకు ఇంకో ముల్లు రాజు వైపు కూడా ఉంది. రాజు హెచ్8, ఏనుగు జి8, జి5. ఈ ఆలోచనను 1970లో సీగెన్‌లో ఆండర్సన్‌తో ఆడిన ఆటలో ఫిషర్ తెల్ల పావులతోనే చూపించాడు. ఆయన 1. బి3తో మొదలుపెట్టి, రంగు మార్చిన ముళ్లపందిలో రాజు హెచ్1, ఏనుగు జి1, జి4 ఆడి గెలిచాడు. తెల్ల సెంటర్‌లో ఏమీ చేయకుండా ఊరికే ఏనుగులు జరుపుతుంటే నల్లకు ఇది చక్కగా పని చేస్తుంది.

తొందరగా డి4 ఆడితే

తెల్ల జి3 లేకుండా కూడా తెరవవచ్చు: 2. గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6 3. డి4 సి×డి4 4. గుర్రం×డి4. ఇక్కడ 4... ఇ5 అనే పదునైన జవాబుకు సిద్ధంగా ఉండండి. 5. గుర్రం బి5 డి5 6. సి×డి5 బిషప్ సి5. నల్ల బంటు ఇచ్చేసింది. బంటును ఇంకా ముందుకు తోసి గుర్రానికి సి7 చెక్ అందించాలని చేయి లాగుతుంది. 7. డి6 ఆడారంటే 7... గుర్రం ఇ4. ఇప్పుడు బిషప్ ఎఫ్2 మేట్ బెదిరింపు. 8. గుర్రం సి7 చెక్ ఇస్తే మంత్రి×సి7, ఆ మంత్రిని 9. డి×సి7 అని సంతోషంగా కొడితే 9... బిషప్×ఎఫ్2 మేట్. రాజుకు డి1లో సొంత మంత్రి, ఎఫ్1లో సొంత బిషప్, ఇ2లో సొంత బంటు అడ్డం. డి2ను ఇ4 గుర్రం చూస్తోంది, ఎఫ్2 బిషప్‌కూ అదే కాపలా. ఏడో ఎత్తులో సరైనది బి5 గుర్రాన్నే సి3కు వెనక్కి తీయడం. 7... క్యాసిలింగ్ 8. ఇ3 ఇ4, బంటు తెల్లది, చొరవ నల్లది.

నల్ల రెండో ఎత్తులో జి6 పెడితే కూడా ఎత్తుల వరుస జాగ్రత్త. 2. గుర్రం ఎఫ్3 జి6 3. డి4 సి×డి4 4. గుర్రం×డి4 గుర్రం సి6 5. ఇ4 వచ్చిందంటే మీరు ఇంగ్లీష్‌లో లేరు, సిసిలియన్ యాక్సిలరేటెడ్ డ్రాగన్ అనే వేరే ఓపెనింగ్‌లో, సి4, ఇ4 బంట్లతో కట్టే మారోట్సీ బిగింపులో ఉన్నారు. అది మీకు తెలిసిన దారైతే సరే, లేకపోతే ముందు ఎఫ్6కు గుర్రాన్ని తీయండి.

బోర్డు ముందు

మొదటి నాలుగు ఎత్తులకు గడియారం ఖర్చు చేయకండి, ఐదో ఎత్తు దగ్గర ఖర్చు చేయండి. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అదనం ఇచ్చే ఆటల్లో సెంటర్ తెంచే ఎత్తుకు పది నిమిషాలు పెట్టినా దండగ కాదు. అంతకు ముందు పెడితే దండగే. ఎత్తుకు 30 సెకన్లు కలిసే ఆటలో చివరిదాకా ఎత్తులు రాయాల్సిందే, సమయం తక్కువైందని ఆపడానికి లేదు. క్యాసిలింగ్‌లో ముందు రాజునే ముట్టుకోండి, ఒక్క చేత్తోనే కదపండి. ఏనుగును ముందు ముట్టుకుంటే ఆ ఏనుగునే ఆడాల్సి వస్తుంది.

ఈ ఓపెనింగ్‌లో ఏనుగు బి8, ఎ8, మళ్లీ బి8 అంటూ తిరగడం మామూలే, కాబట్టి ఒకే పొజిషన్ మూడుసార్లు రావడం కూడా తరచుగా జరుగుతుంది. మీ ఎత్తుతో మూడోసారి రాబోతుంటే ఆ ఎత్తును బోర్డు మీద ఆడకండి. ఎత్తులు రాసే షీట్ మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ను (పోటీ నిర్ణేతను) పిలిచి చెప్పండి. ఆడేశాక అడిగితే ఆ హక్కు పోతుంది. తప్పుగా క్లెయిమ్ చేస్తే ప్రత్యర్థికి రెండు నిమిషాలు కలుపుతారు, అందుకే పిలిచే ముందు షీట్‌లో మూడు చోట్లా వేలు పెట్టి చూసుకోండి. బంటు తోపు మధ్యలో ఎక్కడైనా జరిగి ఉంటే దాని ముందున్నవి లెక్కలోకి రావు. డ్రా ప్రతిపాదించాలంటే వరుస వేరు: ఎత్తు ఆడండి, నోటితో అడగండి, ఆ తర్వాతే గడియారం నొక్కండి.